నేల జెర్రి: గుర్తింపు లక్షణాలు, సస్యరక్షణలో దాని స్థానం

పశువుల ఎరువు సమృద్ధిగా వేసిన తేమ నేలలను తవ్వినప్పుడు దారంలా సన్నగా, లేత పసుపు రంగులో మెలికలు తిరిగే జీవి ఒకటి కనబడుతుంది. దీనిని వేర్లు తినే పురుగుగా భావించి రైతులు నేలలో వేసే మందు అడగడం కద్దు. సిఫారసు చేసే ముందు ఆ జీవి ఏదో నిర్ధారించుకోవడం విస్తరణ శాస్త్రవేత్తల ప్రథమ కర్తవ్యం. ఎందుకంటే ఇది మొక్కను తినేది కాదు, ఇతర జీవులను వేటాడేది.

నేల జెర్రులు జియోఫిలోమార్ఫా క్రమానికి చెందినవి. భారతదేశంలో లభించే మెసిస్టోసెఫాలస్ పంక్టిఫ్రాన్స్ వీటిలో ఒకటి. దీనిని జార్జి న్యూపోర్ట్ 1843లో వర్ణించాడు. ప్రజాతి నామానికి ‘మిక్కిలి పొడవైన తల కలది’ అని, జాతి నామానికి ‘చుక్కల నుదురు కలది’ అని అర్థం. ఈ పేర్లే గుర్తింపునకు మొదటి ఆధారాలు.

దీని తల వెడల్పు కంటే పొడవు ఎక్కువ. ముదురు గోధుమ వన్నెలో ఉండే తల, లేత రంగు దేహం నుండి స్పష్టంగా వేరుపడి కనిపిస్తుంది. కళ్లు ఉండవు. ప్రతి స్పర్శశృంగంలోను 14 ఖండాలుంటాయి. విషపు గోళ్లు తల ముందు అంచును దాటి పొడుచుకు రావడం వలన పైనుంచి చూసినా కనబడతాయి. దేహం వెనుకకు పోను పోను సన్నబడుతుంది. చివరి జత కాళ్లు సన్నగా, పొడవుగా, గోళ్లు లేకుండా ఉంటాయి. మొత్తం కాళ్లు 49 జతలు. విషపు గోళ్లను ఈ లెక్కలో చేర్చరాదు. ఇళ్లలో కనబడే పెద్ద జెర్రికి సాధారణంగా 21 జతల కాళ్లు, తలకు ఇరువైపులా నాలుగేసి కళ్లు ఉంటాయి కనుక ఆ రెంటి మధ్య పొరపాటుకు తావు లేదు.

అసలు చిక్కు సింఫైలా వర్గపు జీవులతో వస్తుంది. ఇవి లేత వేర్లను, నూగు వేర్లను తిని అనాస వంటి పంటలకు నష్టం కలిగిస్తాయి. వీటిలో ఒకటైన స్క్యుటిజెరెల్లా ఇమాక్యులేటాకు ఆంగ్లంలో ‘గార్డెన్ సెంటిపీడ్’ అనే వాడుక పేరు ఉండడం గందరగోళాన్ని మరింత పెంచుతోంది. ఇవి తెల్లగా, ఒక సెంటీమీటరుకు మించకుండా ఉంటాయి. పూసలు గుచ్చినట్లున్న పొడవైన స్పర్శశృంగాలు, దేహం చివర రెండు చిన్న కొనలు వీటి ప్రత్యేకతలు. విషపు గోళ్లు ఉండవు. ఎదిగిన వాటికి 12 జతల కాళ్లుంటాయి.

పిల్ల దశలోనూ కాళ్ల సంఖ్య నమ్మదగిన ఆధారమే. సింఫైలా పిల్లలు కొద్ది జతల కాళ్లతో పుట్టి, కుబుసం విడిచే కొద్దీ 12 జతలకు చేరుకుంటాయి. నేల జెర్రి పిల్లలకు మాత్రం తల్లికి ఉన్నన్ని కాళ్లు మొదటినుంచే ఉంటాయి. కాబట్టి జీవి చిన్నదైనంత మాత్రాన దానిని సింఫైలాగా భావించరాదు. మిగిలిన వాటిని వేరుచేయడం సులభం. రోకలిబండకు చాలా ఖండితాల్లో రెండేసి జతల కాళ్లుంటాయి, వైర్ వార్మ్‌కు మొత్తం మూడు జతలే ఉంటాయి.

నేల జెర్రి కీటకాల లార్వాలను, వానపాములను, ఇతర మెత్తని జీవులను విషపు గోళ్లతో పట్టి తింటుంది. తల్లి గుడ్ల చుట్టూ చుట్టుకొని పిల్లలు స్వతంత్రంగా తిరిగే వరకు కాపాడుతుంది. ఆ సమయంలో నేలను కదిలించినా, మందు వేసినా తల్లితో పాటు సంతానమంతా నశించే ప్రమాదం ఉంది. వానపాములను కూడా తింటుంది కనుక దీనిని కేవలం మిత్రజీవిగా కీర్తించనవసరం లేదు. అయితే శత్రువుగా చంపవలసిన అవసరం అసలే లేదు.

విద్యార్థులు క్షేత్రంలో నేలను గడ్డలుగా తవ్వి, తెల్లని పళ్లెంలో చేతితో విడదీసి జీవులను సేకరించవచ్చు. వాటిని 70 శాతం ఆల్కహాలులో భద్రపరచి, సూక్ష్మదర్శిని కింద ఒక వైపు కాళ్లను మాత్రమే లెక్కించాలి. ఈ ప్రజాతిలో 49 జతల కాళ్లున్న జాతులు అనేకం. కనుక కాళ్ల సంఖ్య ఒక్కదానితోనే జాతిని నిర్ణయించక, నమూనాను వర్గీకరణ నిపుణులకు పంపడం అవసరం. మందు అవసరమా కాదా అన్నది తేల్చడానికి మాత్రం భూతద్దం, కాళ్ల లెక్క, వేర్ల పరిశీలన చాలు.