కంప్యూటరు కావలివాని కేక



తొలకరికి ముందు ఆదిలాబాదు సీమలో పత్తివిత్తనములు కొనువారు సంచి ముద్రను, లాటు సంఖ్యను చూచి, రసీదు పుచ్చుకొందురు. కరీంనగరపు వెండి తీగపని భరిణె కొనునప్పుడు మనము వెండి మేలిమిని విచారింతుము. పిల్లల చదువునకును, బ్యాంకు లెక్కలకును వాడు కంప్యూటరులోనికి సాఫ్టువేరు దించుకొనునపు డీ జాగ్రత్త నేల మఱచుచున్నాము?

యాంటీవైరస్ కంప్యూటరునకు కావలివాడు. పూర్వము పట్టుబడిన దొంగల గుర్తులను, క్రొత్తవారి పోకడలను బట్టి యతడు కేకవేయును. పదిమంది యెఱుగని ప్రోగ్రామును ముందుగా ననుమానించును. ఒక్కొక్కప్పుడు ఇంటివానినే దొంగ యనును. 2010 ఏప్రిల్ 21న మెకాఫీ యాంటీవైరస్ విండోస్ ఎక్స్‌పీకి ప్రాణాధారమైన యొక ఫైలునే వైరస్ అని పట్టగా, పెక్కు దేశములలో కంప్యూటర్లు పదేపదే ఆగిపోయెను.

తప్పుకేక వలన మఱియొక కీడు కలదు. వీడియోలు చూపు వీఎల్‌సీ యను ప్రోగ్రాము పారిస్ విద్యార్థుల ప్రయత్నమున పుట్టినది. దాని సోర్సు కోడును, అనగా దానిని నిర్మించిన వ్రాతను, 2001 నుండి యెవరైనను పరీక్షింపవచ్చును. అయినను 2022లో మన దేశమున దాని వెబ్‌సైటు నెలల తరబడి మూయబడెను. నిషేధింపబడిన యొక యాప్ సర్వర్లతో దానికి సంబంధమున్నదని ప్రభుత్వము చెప్పెను, నిర్మాతలు కాదనిరి. వారు లాయరు నోటీసు పంపిన పిమ్మట, నవంబరులో నిషేధము తొలగెను. అసలు ద్వారము మూతపడినపుడే ఊరు పేరు లేని ద్వారములకు జనులు పోవు ప్రమాదము హెచ్చును.

సోర్సు కోడు తెఱచియుండుట మేలే గాని, అదియే యభయము కాదు. 2016 ఫిబ్రవరి 20న లినక్స్ మింట్ వెబ్‌సైటులో చొరబడినవారు లింకును మార్చి, దొంగప్రతి నంటగట్టిరి.

కావున కేక వినబడినపుడు ఫైలును తెఱవక నిలువుడు. అది నిర్మాతల సొంత వెబ్‌సైటు నుండియే వచ్చినదా? వెదకునపుడు పైన కనబడు ప్రకటనలను నమ్మవలదు. పెక్కుమంది నిర్మాతలు ఫైలుతో బాటు 64 అక్షరముల వ్రేలిముద్ర నిత్తురు. ఫైలులో నొక్క యక్షరము మాఱినను ఆ ముద్ర పూర్తిగా మాఱిపోవును. చదువుకొను బిడ్డలచే దానిని సరిచూపించుడు. పిదప వైరస్‌టోటల్ అను వెబ్‌సైటున కా ఫైలు నిచ్చినచో, పెక్కు యాంటీవైరస్‌ల తీర్పు లొక్కచోట కనబడును. ముద్ర సరిపోయి, ఒకటి రెండు మాత్రమే కేకవేసినచో నది తప్పుకేక కావచ్చును. పెక్కు కేకవేసినచో తొలగింపుడు. ఇంటి పత్రములను మాత్ర మచ్చట పెట్టకుడు. యాంటీవైరస్‌ను ఆపివేయుమని యే వెబ్‌సైటు చెప్పినను వినకుడు.

కావలివాడు కేకవేసినపుడు గృహిణి పరుగెత్తదు, నిద్రపోదు. దీపము పట్టి చూచును. ఇచ్చటను చేయవలసిన దంతియే.