నిండే దాకా ఆగని బండి

షేర్ ఆటోకు ఒకటే నియమం: నిండితేనే కదులుతుంది. వెనక సీటు నిండి, డ్రైవరు పక్కన కూడా ఒకరు సర్దుకునే దాకా ముందెక్కినవాళ్లు గడియారం చూసుకుంటూ కూర్చోవాలి. కదిలాక మాత్రం సుఖమా? మలుపు మలుపుకూ ఒకరు దిగుతారు, ఇంకొకరు ఎక్కుతారు. ఈ రెండు బాధలూ లేని, డ్రైవరే లేని చిన్న బండ్లను ముంబైలోని బాంద్రా-కుర్లా కాంప్లెక్స్‌లో నడపాలని అక్కడి మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ 2024లో నిర్ణయించింది. వీటినే పాడ్ టాక్సీలంటున్నారు. ఇంగ్లీషులో పాడ్ అంటే బఠాణీ కాయలాంటిది. కాయలో గింజల్లా బండిలో మనుషులన్నమాట. దీనికి మంచి తెలుగు పేరు మాకింకా దొరకలేదు. మీ తరగతిలో ఎవరికైనా తడితే రాసి పంపండి.

ముంబైలో తెలుగు చదువుకుంటున్న పిల్లలకు కుర్లా, బాంద్రా స్టేషన్లు కొత్తవి కావు. ఆ రెండింటినీ మధ్యలోని ఆఫీసులతో కలుపుతూ సుమారు 8.8 కిలోమీటర్ల దారి, 38 స్టేషన్లు కట్టాలని ప్రణాళిక. బండికి ఆరుగురు. గరిష్ఠ వేగం గంటకు 40 కిలోమీటర్లు.

ఎలా నడుస్తుంది? చిన్న రైల్వే స్టేషన్‌లో ప్యాసింజరు బండి లూప్ లైనులో ఆగి ఉంటే, ఎక్స్‌ప్రెస్ మెయిన్ లైనులో దూసుకుపోవడం మీరు చూసే ఉంటారు. కిటుకంతా అదే. పాడ్ స్టేషన్లన్నీ ప్రధాన దారికి పక్కగా, లూప్ లైనులో ఉంటాయి. ఎక్కి, దిగాల్సిన చోటు మీట నొక్కితే చాలు. దిగేవాళ్లున్న బండే పక్కకు తప్పుకుంటుంది. మిగిలినవి ఆగకుండా సాగిపోతాయి. ఏ బండి ఎంత ఎడంలో, ఏ దారిన పోవాలో కంప్యూటరు చూసుకుంటుంది.

ఇదేమీ కథ కాదు. లండన్ హీత్రో విమానాశ్రయంలో 5వ టెర్మినల్‌కూ కార్లు నిలిపే చోటుకూ మధ్య 2011లో ఇలాంటివి 21 బండ్లు మొదలయ్యాయి. ఒక్కోటి నలుగురినీ వాళ్ల సామానునూ మోస్తుంది, బ్యాటరీతో, రబ్బరు టైర్ల మీద నడుస్తుంది. ఖాళీ బండి బరువు టన్నుకు లోపే. అసలు విషయం ఈ బరువులోనే ఉంది. వంతెన ఎంత లావుగా కట్టాలన్నది దాని మీద నడిచే బరువును బట్టి ఉంటుంది. మెట్రో రైలును మోయడానికి పెద్ద పెద్ద స్తంభాలు కావాలి. చిన్న కారంత బండికి సన్నని స్తంభం, ఇరుకు దారి సరిపోతాయి. బండి బక్కదైతే దారి ఖర్చూ తగ్గుతుంది.

తగ్గుతుందనే అందరూ అనుకున్నారు. అమెరికాలోని మోర్గాన్‌టౌన్‌లో విశ్వవిద్యాలయం భవనాలు దూర దూరంగా ఉండటంతో 1975లో ఇలాంటి ఏర్పాటు మొదలైంది. స్టేషన్లు ఐదు, బండికి నిలబడేవాళ్లతో కలిపి 20 మంది. ఐదు దశాబ్దాలుగా విద్యార్థులను చేరవేస్తోంది. కానీ రెండు కోట్ల డాలర్ల లోపు అవుతుందనుకున్నది పన్నెండు కోట్లు దాటింది. మంచు పేరుకోకుండా దారి పొడవునా వేడిచేసే గొట్టాలు కూడా వేయాల్సి వచ్చింది మరి! అబూ ధాబీ దగ్గర మస్దార్ నగరమంతా పాడ్‌ల మీదే తిరగాలనుకున్నారు. 2010లో చిన్న ముక్క నడిచాక ఖర్చు చూసి అక్కడితో ఆపేశారు. మన అమృత్‌సర్‌లో స్వర్ణ దేవాలయానికి వేస్తామని 2011లో ప్రకటించిన దారి కాగితాల మీదే ఉండిపోయింది.

ముంబై పాడ్‌లకు అంచనా వెయ్యి కోట్ల రూపాయల పైచిలుకు. కిలోమీటరుకు 115 కోట్లన్నమాట. అదే నగరంలో భూగర్భ మెట్రో 33.5 కిలోమీటర్లకు 37 వేల కోట్లు దాటింది, అంటే కిలోమీటరుకు 1,100 కోట్లు. పాడ్ పదో వంతే కదా అనిపిస్తుంది. తొందరపడకండి, మోసే జనాన్ని కూడా లెక్కించాలి. ఆరు సెకన్లకో పాడ్ పోతే గంటకు 600 పాడ్‌లు. అన్నీ నిండితే 3,600 మంది. నిండే దాకా ఆగదు కాబట్టి ఒక్కొక్కరే ఎక్కితే 600 మందే. మెట్రో రైలు ఒక్కటే రెండు వేల మందికి పైగా మోయగలదు. ఐదు నిమిషాలకొకటి నడిచినా గంటకు 24 వేలు.

అందుకే లోకల్ రైలుకు ఇది పోటీ కాదని మా అభిప్రాయం. రైలు దిగాక మిగిలే రెండు మూడు కిలోమీటర్లకు బాగుంటుంది. అయితే ఆ కాస్త దూరానికి ఇప్పుడు షేర్ ఆటోలో పోతున్నవాళ్లలో ఆఫీసులు తుడిచేవాళ్లు, కాపలా ఉండేవాళ్లు, టీ అందించేవాళ్లు కూడా ఉన్నారు. పాడ్ టికెట్ ధర ఆటో ఛార్జీకి దగ్గరగా ఉంటేనే వాళ్లు ఎక్కగలరు. లేకపోతే అది పైనుంచి పోతుంటే వాళ్లు కింద ఆటో వరుసలోనే ఉంటారు.

ఎనిమిదో తరగతి వాళ్లకు ఒక పని. మీ ఊరు ముంబై కానక్కర్లేదు. షోలాపూరైనా, హోసూరైనా, బళ్లారైనా సరే. పొద్దున తొమ్మిదింటికి దగ్గర్లోని ఆటో స్టాండులో పది నిమిషాలు నిలబడి, ఎంతమంది ఎక్కారో లెక్కపెట్టండి. దాన్ని ఆరుతో గుణిస్తే గంట లెక్క వస్తుంది. దాన్ని పైన చెప్పిన 600తో, 3,600తో పోల్చి, మీ స్టాండుకు పాడ్ చాలుతుందో లేదో కారణంతో సహా రాయండి.