గనిదీపము

గోదావరిఖని యను పేరు వ్యాకరణమునకు సులభముగా లొంగునది కాదు. సంస్కృతమున నదీనామము దీర్ఘాంతము. కాఁబట్టి తత్పురుషసమాసమున ‘గోదావరీఖని’ యని యుండవలయును. తెనుఁగున హ్రస్వము నొందిన ‘గోదావరి’ మీఁదఁ దెనుఁగు మాటయే చేరినచో ‘గోదావరిగని’ యని యుండఁదగును. ఉన్న పేరునఁ బూర్వపదము తెనుఁగురూపము, ఉత్తరపదము సంస్కృతరూపము. ఖన్ ధాతువునకుఁ ద్రవ్వుట యర్థము. దానినుండి పుట్టిన ‘ఖని’ శబ్దమే తద్భవమై ‘గని’ యయ్యెను. ఊరివారికి నీ మీమాంసతోఁ బనిలేదు. వారు ‘ఖని’ యన్నచో నది యూరు. బొగ్గు త్రవ్వుచోటు ‘బాయి’. పనికిఁ బోవుట ‘బాయికిఁ బోవుట’. ‘వాపీ’ శబ్దభవమగు ‘బావి’యే యీ ‘బాయి’. నీటికొఱకుఁ ద్రవ్వినదాని పేరు బొగ్గుకొఱకుఁ ద్రవ్వినదానికిని జెల్లినది. లోనికి దిగుట, చీఁకటి, ఊఁపిరి యాడమి యను మూఁడును రెంటికిని సమానములే కదా.

ఈ బాయిలో నేఁటికిని విడువఁబడని ప్రాఁత సాధన మొకటి కలదు. అది నూనెదీపము. దానిని గూర్చియు, దాని తోడివగు మఱికొన్నింటిని గూర్చియు నిచట వివరింపఁబడును.

తెలంగాణమున బొగ్గుపని యారంభము సుపరిచితమే. భూగర్భపరిశోధనశాఖకుఁ జెందిన విలియం కింగు 1871లో నిల్లందు ప్రాంతమున బొగ్గును గుర్తించెను. 1886లో హైదరాబాదు (దక్కను) కంపెనీ యేర్పడెను; 1889లో బొగ్గుత్రవ్వుట మొదలయ్యెను; 1920లో నా సంస్థకు సింగరేణి కాలరీసు కంపెనీ యను పేరు వచ్చెను. గోదావరిఖని, రామగుండము ప్రాంతపు గను లా సంస్థ చరిత్రలోఁ దరువాతి యధ్యాయము. ఏటవాలుగా దిగు సొరంగమునకు ‘ఇంక్లైను’ అని పేరు. ఊరిలో ‘ఎనిమిదింక్లైను కాలని’ యని వాడయే కలదు. ప్రదేశమునకు సంఖ్యయే నామమగుట కవులకు రుచింపకపోవచ్చును గాని, వినువానికి దారి తెలియుటలో లోపము లేదు.

ఇదే ప్రాంతమున అడ్రియాల గనిలో 2014 నుండి లాంగువాలు పద్ధతి మహాయంత్రము బొగ్గును గోసినది. వాయువును గొలుచు యంత్రములు జేబులో నిముడునంత చిన్నవై వచ్చినవి. అట్లయ్యు గని చట్టము ప్రకారము గ్యాసుపరీక్షా యోగ్యతాపత్రము లేనివాఁడు మైనింగు సర్దారు గాని ఓవరుమాను గాని కానేరఁడు. ఆ పరీక్షకుఁ బోవువాఁడు దీపపు మంటను జదువ నేర్వవలయును. చదువుట యను క్రియ యిచట లాక్షణికము కాదు. మంటయం దక్షరము లేదన్న మాటయే కాని, అర్థము కలదు. దానిని దప్పుగాఁ జదివినవానికిఁ గలుగు ఫలము విద్యార్థి పొందు శిక్షవంటిది కాదు.

బొగ్గుపొరలలో మీథేను వాయువు చిక్కుకొని యుండును. బొగ్గు పగిలినపు డది బయల్పడును. దానికి రంగు లేదు, వాసన లేదు. గాలికంటెఁ దేలిక యగుటచేఁ బైకప్పు నంటి నిలుచును. నూఱు పాళ్ళ గాలిలో నది 5 పాళ్ళు మొదలు 15 పాళ్ళవఱకు నున్నపుడు నిప్పు తగిలిన ప్రేలును. బొగ్గుపులుసు గాలి యిందుకు విపరీతము. అది బరువైనది, నేల నంటి యుండును, మండదు, మంటను నార్పును. ఒకటి తల పైఁ, మఱియొకటి పాదము చెంత నుండి పనివానిఁ గనిపెట్టుచుండు ననవచ్చును.

పూర్వ మైరోపాఖండమునఁ గనిలో వెలుఁగుకొఱకుఁ గొవ్వొత్తులు వాడిరి. వెలుఁగే మృత్యువునకు హేతు వయ్యెను. ఇంగ్లండులోని ఫెల్లింగు గనిలో 1812 మే 25న జరిగిన ప్రేలుడులో 92 మంది మృతులైరి. ఆ తరువాత సర్ హంఫ్రీ డేవీ 1815లోఁ దన దీపమును గల్పించెను. క్లానీ యను వైద్యుఁడును, తరువాత రైలుయంత్రముచేఁ బ్రసిద్ధుఁడైన జార్జి స్టీఫెన్సనును నదేకాలమున నిట్టి దీపములు చేసిరి. ముందెవ్వ రను వివాదము చాలకాలము నడచెను. డేవీ తన దీపమునకుఁ బేటెంటు హక్కు గైకొనలేదు.

దానిలోని మర్మ మతిస్వల్పము. మంటచుట్టును సన్నని తీఁగవల యుండును. చదరపు టంగుళమునకు 784 రంధ్రములు. వెలుపలి వాయువు వలగుండ లోనికిఁ బోయి మండును గాని, ఆ మంట వెలుపలికి రాఁజాలదు. ఏలయన, లోహపుఁ దీఁగ వేఁడిని వెంటనే తనలోనికిఁ దీసికొని నలుప్రక్కల పంచిపెట్టును. వల దాఁటు వాయువునకు మండుటకుఁ జాలినంత వేఁడి మిగులదు. మండుచున్న దీపముపై నొక తీఁగజల్లెడను బట్టి చూచినచో మంట జల్లెడక్రిందనే యాఁగుట యెవ్వరికైనను గనఁబడును.

అయినను డేవీదీపము వచ్చినంతనే ప్రమాదములు నిలువలేదు. వెలుఁగు మిక్కిలి తక్కువ. ఒక్క తీఁగ తెగినను రక్షణ లేదు. గాలి వడిగా వీచినచో, అనఁగా సెకనుకు దాదాపు ఆఱడుగులు మించినచో, మంట వలను దాఁటును. పైఁగా దీపమున్న దను ధైర్యముచేత నంతవఱకు విడిచిపెట్టిన ప్రమాదస్థలములలోనికిఁ బనివారిని దింపిరి. అందుచేఁ దరువాతివారు రెండు వలలు, చుట్టును గాజు, ఆ పైని లోహపుఁ గవచము చేర్చిరి. నేఁటి దీప మట్టిది. దానిని గనిపైనున్న దీపశాలలోనే వెలిగించి, అయస్కాంతముతోఁ దప్ప విప్పరాని తాళము వేసి యిత్తురు. అగ్గిపెట్టె, బీడీ లోనికిఁ గొనిపోరాదు.

వెలుఁగుకొఱకు దీనిని వాడు కాలము గడచి చాలనాళ్ళయ్యెను. తలకుఁ దగిలించుకొను విద్యుద్దీపము వెలుఁగిచ్చును. నూనెదీప మిపుడు వెలుఁగుటకుఁ గాదు, చూచుటకు. సర్దారు పైకప్పు దాపునకు దీపమును మెల్లఁగా నెత్తును. అంతకుముందే లోపలి కొక్కెముతో వత్తిని దించి, పసుపురంగు పోయి చిన్న మంట మాత్రము మిగులునట్లు చేయును. గాలిలో మీథేను న్నచో నా మంటపై నొక లేఁతనీలపు శిఖరము తోఁచును. నూటికి ఒకటింపాతిక పాలున్నపుడు మొదట లీలగాఁ గనఁబడి, వాయువు హెచ్చినకొలఁది పొడవగును. 5 పాళ్ళు సమీపించునపుడు దీపమంతయు నిండఁజూచును. అపుడు దీపమును గుదుపక, తటాలునఁ దీయక, ఎత్తినంత మెల్లఁగానే దింపవలయును. వడి యిచట మంచిది కాదు. వీచుగాలికి వల యెట్లు దాసోహ మగునో పైనఁ జెప్పఁబడెను.

ఒకటింపాతిక యను నీ యంకెకుఁ జట్టమునను స్థానము కలదు. పనిస్థలమున వాయు వంతకు వచ్చినచోఁ బనివారు వెడలిపోవలయును, విద్యుత్తు నాఁపవలయును. గనినుండి మరలివచ్చు గాలిలో ముప్పాతిక పాలు మించరాదు. శాసనము పెట్టిన యెల్లయు, కంటికి మొదట దోఁచు నెల్లయు నొకటే యగుట గమనింపఁదగినది. అయితే ముప్పాతికపాలు నూనెమంటలోఁ జక్కఁగాఁ దెలియదు. అచట యంత్రమే శరణ్యము.

యంత్రముండఁగా దీప మేల యను ప్రశ్న యిచటఁ బుట్టును. ప్రశ్న న్యాయమైనదే. మీథేనును గొలుచు చేతియంత్రములలోఁ బెక్కింటి పద్ధతి యిది: చిన్న పూసను విద్యుత్తుచే వేఁడిచేయుదురు, దానిపైఁ బూసిన లోహద్రవ్యము వలన వాయువు మంట లేకయే మండును, పూస మఱింత వేఁడెక్కును, ఆ వేఁడిమిచే విద్యున్నిరోధము మాఱి యంకె పడును. కావున యంత్రమును వాయువును మండించియే తెలియుచున్నది. డేవీదీపమునకుఁ బుట్టిన మనుమఁ డన్నను దోషము లేదు. మండుటకుఁ బ్రాణవాయువు కావలయును. అది మిక్కిలి తక్కువైనచోట నీ యంత్రము చూపు నంకె వాస్తవముకంటెఁ దగ్గును. అంకెను మాత్రమే చూచువాఁడు మోసపోవును. నూనెదీప మట్టిచోట మఱియొక మాట చెప్పును: మసకబాఱి, ప్రాణవాయువు నూటికిఁ బదునేడు పదునాఱు పాళ్ళకుఁ దగ్గునప్పటికి ఆఱిపోవును. మనుష్యుఁడు మూర్ఛిల్లుటకుఁ బూర్వమే యాఱును. ఒకే మంట పైకప్పు దగ్గఱ నెదుగుచు నొక యపాయమును, నేల దగ్గఱఁ గృశించుచు మఱియొక యపాయమును దెలుపుచున్నది. ప్రాణవాయువును వేఱుగఁ గొలుచు యంత్రములు లేకపోలేదు. వానికి విద్యుద్ఘటము, సరిచూచు పరిశోధనశాల, తప్పు చూపనప్పుడు తప్పని తెలిసికొను నుపాయము కావలయును. దీపమున కట్టి గూఢత లేదు. పనిచేయని దీపము ఆఱిన దీపమే.

వైయాకరణులకుఁ బరిచితమైన మాటలో దీనిని జెప్పవచ్చును. అపవాదసూత్ర ముత్సర్గమును దన విషయమునందు మాత్రమే బాధించును గాని నిర్మూలింపదు. అపవాదము చొరనిచోట నుత్సర్గమే ప్రవర్తించును. క్రొత్త యంత్రము ప్రాఁతదానిని బాధించు విషయ మెంత, బాధింపని విషయ మెంత యని వేర్పఱుపక ‘ప్రాఁతది కావున విడువుఁడు’ అనువారును, ‘ప్రాఁతది కావున నుంచుఁడు’ అనువారును సమానముగాఁ దప్పుచున్నారు. యాస్కుఁడు ‘పురాణ’ శబ్దమునకు, పూర్వము క్రొత్తగా నుండినది యను నర్థమును జెప్పెను. ప్రాఁతదన మొక గుణము కాదు, దోషమును గాదు.

దీపమునకుఁ దెలియనివియుఁ గలవు. ప్రేలుడు తరువాతఁ గాని, నిప్పంటుకొన్న బొగ్గునుండి గాని వెలువడు కార్బన్ మోనాక్సైడు మనుష్యునిఁ జంపు పరిమాణమున నున్నను మంట మాఱదు. అందులకే పూర్వము పంజరమునఁ బక్షి నుంచిరి. జె. ఎస్. హాల్డేను చెప్పిన యుపాయ మది. చిన్న ప్రాణి శీఘ్రముగా శ్వసించును గావున ముందు వ్రాలును. బ్రిటనులో నీ యాచారము మానుటకు 1986లో నిర్ణయించిరి. ఇచట నపవాద ముత్సర్గమును బూర్తిగా మ్రింగినది. పక్షికొఱ కెవ్వరును జింతింప నక్కఱలేదు.

మఱియొకటి చప్పుడు. పైకప్పు దిట్టమో కాదో తెలియుటకు గడ్డపాఱతోఁ గాని కఱ్ఱతోఁ గాని కొట్టి వినుట కలదు. ఖంగుమన్నచో ఱాయి పైపొరతో నంటియున్నది. డొల్లగాఁ బలికినచోఁ బొర విడినది. ఒకచేఁ గొట్టుచు రెండవచేతి వ్రేళ్ళను గప్పు నానించి యదరును గనిపెట్టుటయుఁ గలదు. ధ్వన్యనుకరణశబ్దములు కావ్యమున నలంకారములు, ఇచటఁ బ్రమాణములు. అయితే చెవి యెంత పటువైనను బొర మందమైనచో దాని పైని విడువడినది వినఁబడదు. గోదావరిఖని ప్రాంతముననే 2003వ సంవత్సరమున రెండు ఘోరములు జరిగినవి. జూను 16న 7 ఎల్‌ఈపీ గనిలో నీరు చొచ్చి 17 మంది, అక్టోబరు 16న 8ఏ ఇంక్లైనులో పైకప్పు కూలి 10 మంది మరణించిరి. నీటిని దీప మెఱుఁగదు. ప్రాఁత సాధనములను గొనియాడువా రీ రెండు తేదీలను మఱవరాదు.

గంటల సంకేతములును బ్రాఁతవే. తీఁగత్రాటితో బండ్లను లాగు యంత్రము కదలుచున్నపు డొక్క గంట మ్రోఁగెనా, నిలుపు మని యర్థము. అపాయవేళ లెక్కపెట్టి మ్రోఁగించు నవకాశ ముండదు గావున నతిముఖ్యమైన యర్థమునకు నతిలఘువైన సంకేత మిచ్చిరి. లాఘవమునకు సంతసించు సూత్రకారు లిందుకును సంతసింతురు.

కొన్ని పోయినవి. బొగ్గును చేతులతో నెత్తు ‘తట్టాచెమ్మసు’ పని యంత్రములు వచ్చి దాదాపు మాయమైనది. దానితోడ నడుములు విఱిగిన కాలమును బోయినది. రామగుండమున 1971లోఁ బ్రారంభమైన 62.5 మెగావాట్ల విద్యుత్కేంద్ర మర్ధశతాబ్దము దాఁటి పనిచేసి 2024లో మూఁతపడెను. ఇవి పోవలసినవే. ‘చెమ్మసు’ అను మాట మాత్రము పనితోఁబాటు పోవుట కోశకారునికి నష్టము.

దీపపు మాటలకును నిదే గతి పట్టకుండుట యవసరము. సింగరేణిలో నిపుడు బొగ్గులో నధికభాగ ముపరితలపు త్రవ్వకములనుండి వచ్చుచున్నది. ఆకాశము క్రిందఁ ద్రవ్వుచోట నీ దీపమునకుఁ బనిలేదు. భూగర్భపు గను లొక్కొక్కటి మూఁతపడినకొలఁది మంటను జదువు వారు తగ్గుదురు. పారిభాషికపదములు గూర్చువారు ‘సేఫ్టీలాంపు’నకు ‘రక్షకదీప’ మని వ్రాయుట సులభము; అందుఁ దప్పు లేదు. మంటపైఁ బొడము నా నీలశిఖరమునకుఁ బే రేమి? ఆంగ్లమునఁ దలపాగ నో టోపినో సూచించు మాట యుండఁగాఁ దెనుఁగున ‘మకుట’ మనవచ్చును. ‘శిఖ’ యన్నచో మంటకే యా పేరుండుటచే సందేహము కలుగును. ‘నీలి’ యని మాత్రమే యన్న రంగు మిగిలి రూపము పోవును. వత్తికిఁ బే రడుగ నక్కఱలేదు. ‘వర్తి’ శబ్దమే తెనుఁగున వత్తి యై, హిందుస్తానీ మార్గమున దీపార్థమైన ‘బత్తి’ యై, రెండుదారుల వచ్చి యీ గాజులోపలఁ గలిసికొన్నది. శిఖరమునకుఁ దగిన మాట బల్లయొద్దఁ గూర్చుండి కల్పించుటకంటె, షిఫ్టు మాఱువేళ దీపశాల కడ నిలిచి, దీపమును మరలనిచ్చు సర్దారులు రాత్రి తాము చూచినదానిని దమలోఁ దా మెట్లు చెప్పుకొనుచున్నారో వినుట మేలు.