ఇంటి గరాజులో పాత కారు: ముందు బ్రేకులు, తరవాతే రంగు

పోయిన కార్యక్రమంలో నేను ఇంట్లో పాత కారు బాగుచేసుకుంటున్నానని నోరు జారాను. ఇక ఒకటే ఫోన్లు. "ఎంతయింది? మనవల్ల అయ్యే పనేనా?" అని. అందుకే ఈ నాలుగు మాటలు.

నాది 1966 ఫోర్డ్ మస్టాంగ్, ఆరు సిలిండర్లది. ఎనిమిది సిలిండర్లదైతే నా జేబుకు అందేది కాదు. పేరు పెద్దదే గానీ లోపల చాలా సాదా బండి. కంప్యూటరన్నది లేదు. పగలంతా కంప్యూటర్లతో కుస్తీ పట్టేవాడికి అదే హాయి! 1964 ఏప్రిల్‌లో వచ్చిన ఈ మోడలు లక్షల్లో అమ్ముడుపోయింది కనక, విడిభాగాలు ఇవాళ్టికీ కొత్తవి తయారుచేసి అమ్ముతున్నారు. తక్కువ ఖర్చులో అవ్వాలంటే ముందు చూసుకోవలసింది ఇదే. అరుదైన బండి చవగ్గా దొరికిందని కొంటే, తలుపు పిడి కోసం ఏడాది వెతుక్కోవాలి.

కొనేటప్పుడు పైరంగు చూసి మురిసిపోకండి. కార్పెట్ ఎత్తి చూడండి. ఈ కార్లలో ముందు అద్దం కింద గాలి లోపలికి వచ్చే జాలీ ఉంటుంది. దాని అడుగున తుప్పు పడితే వాననీళ్ళు సరిగ్గా కాళ్ళ దగ్గరికి కారి, నేలరేకును తినేస్తాయి. అమ్మేవాడు ఒప్పుకుంటే ఓ చెంబుడు నీళ్ళు ఆ జాలీలో పోసి చూడండి. ఇంజను మొరాయిస్తే మనం నేర్చుకుని బాగుచేసుకోవచ్చు. తుప్పంటే వెల్డింగు, డబ్బంతా అక్కడే పోతుంది.

ఇక నేను చేసిన తప్పు. ముందు సీట్లకు కొత్త తొడుగులు వేయించాను, మెరుస్తాయని. ఒక సాయంత్రం మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని వీధి చివరిదాకా బయల్దేరాను. మలుపు దగ్గర బ్రేకు తొక్కితే పెడలు నేలకంటుకుంది! డాష్‌బోర్డు కింద పార్కింగ్ బ్రేకు పిడి లాగితే ఆగింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

సంగతేమిటంటే, 1966 మస్టాంగ్‌లో నాలుగు చక్రాలకూ బ్రేకు ద్రవం ఒకే గదిలోంచి వెళ్తుంది. ఎక్కడ కారినా నాలుగూ పోతాయి. 1967 మోడలు నుంచి ముందు చక్రాలకొకటి, వెనక చక్రాలకొకటి రెండు గదులు పెట్టారు. పైగా ఆ ద్రవం గాలిలో తేమ పీల్చుకుంటుంది, ఇనప గొట్టాలు లోపల్నించే తుప్పు పడతాయి. నేను రెండు గదుల మాస్టర్ సిలిండరు పెట్టి, గొట్టాలూ, చక్రాల దగ్గరి సిలిండర్లూ అన్నీ కొత్తవి వేశాను. ద్రవం నింపి గాలి తీశాక, బ్రేకుల మెకానిక్కుకు డబ్బిచ్చి చూపించాను. అక్కడ మాత్రం పిసినారితనం వద్దండీ.

పాత బ్రేకుల దుమ్ములో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. ఊదకండి, గాలి కొట్టకండి, తడిపి తుడవండి. ఒట్టి జాకీని నమ్మి కారు కిందికి దూరకండి, జాక్ స్టాండ్లు పెట్టాల్సిందే. పెట్రోలు రబ్బరు గొట్టాలూ మార్చేయండి, ఇప్పటి పెట్రోల్లో కలిపే ఇథనాల్‌కు పాత రబ్బరు ఆగదు.

రంగు ఇంకా వేయలేదు. బూడిదరంగు ప్రైమరుతోనే తిరుగుతోంది. "ఈ గేదెను గుడికి మాత్రం తేవద్దు" అంటుంది మా ఆవిడ. మా అమ్మాయి మాత్రం ఎక్కే ముందు, "నాన్నా, బ్రేకు తొక్కి చూపించు" అంటుంది. చూపిస్తాను.