ఎగరక ముందే ఎన్ని జాగ్రత్తలో!

గేటు వదిలిన విమానం రన్‌వే చేరేదాకా, దిగిన విమానం మళ్లీ గేటు చేరేదాకా నేల మీద సాగే ప్రయాణమే ట్యాక్సీయింగ్. కిటికీ పక్కన కూర్చున్నవాళ్లకు అది విసుగు పుట్టించే సమయం. కాక్‌పిట్‌లో, కంట్రోల్ టవర్‌లో ఉన్నవాళ్లకు మాత్రం క్షణం కూడా ఏమరకూడని సమయం.

★ విమానయాన చరిత్రలో అతి ఘోరమైన ప్రమాదం ఆకాశంలో జరగలేదు, నేల మీదే జరిగింది. 1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరిఫే దీవిలోని లాస్ రోడియోస్ విమానాశ్రయం దారి మళ్లి వచ్చిన విమానాలతో కిక్కిరిసిపోయింది. రన్‌వేకు చేర్చే దారి, అంటే ట్యాక్సీవే, ఖాళీ లేక ప్యాన్ యామ్ సంస్థ బోయింగ్ 747ను రన్‌వే మీదుగానే నడిపించాల్సి వచ్చింది. దట్టమైన పొగమంచు. అది ఇంకా రన్‌వే వదలకముందే, అనుమతి రాకుండానే, ఎదురుగా కేఎల్ఎం సంస్థ 747 టేకాఫ్ పరుగు అందుకుంది. టవర్ మాట, ప్యాన్ యామ్ పైలట్ల హెచ్చరిక ఒకేసారి రేడియోలోకి రావడంతో కేఎల్ఎం కాక్‌పిట్‌లో అవి సరిగా వినబడలేదు. 583 మంది చనిపోయారు. 61 మంది మాత్రమే బతికారు.

★ ఆ దుర్ఘటన తరువాత రేడియో సంభాషణకు గట్టి కట్టుబాట్లు వచ్చాయి. ‘టేకాఫ్’ అన్న మాటను అనుమతి ఇచ్చేటప్పుడు, దాన్ని రద్దు చేసేటప్పుడు మాత్రమే వాడతారు. మిగతా సందర్భాల్లో ‘డిపార్చర్’ అంటారు. ‘రన్‌వే ముందు ఆగండి’ అని టవర్ చెబితే ‘సరే’ అంటే సరిపోదు. పైలట్ ఆ ఆదేశాన్ని తిరిగి అప్పజెప్పాలి. విన్నదాంట్లో తప్పుంటే అక్కడికక్కడే బయటపడుతుంది.

★ రాత్రి పూట కిటికీలోంచి చూస్తే రంగురంగుల దీపాలు కనిపిస్తాయి. అవి అలంకారానికి పెట్టినవి కావు. నీలం దీపాలు ట్యాక్సీవే అంచులు. ఆకుపచ్చవి దాని మధ్యగీత. తెల్లవి రన్‌వే అంచులు. అడ్డంగా వరుసగా ఎర్రదీపాలు వెలిగితే అక్కడ ఆగి తీరాలి. గీతలకూ ఇదే క్రమం: ట్యాక్సీవే మీద పసుపు, రన్‌వే మీద తెలుపు.

★ ట్యాక్సీవేలకు పేర్లు ఇంగ్లిష్ అక్షరాలతో పెడతారు. అందులో ఐ, ఓ, ఎక్స్ సాధారణంగా వాడరు. మొదటి రెండూ ఒకటి, సున్నా అంకెల్లా కనిపిస్తాయి. ఎక్స్ అంటే మూసేసిన దారికి గుర్తు.

★ దారి తప్పితే ఏమవుతుందో 2001 అక్టోబరు 8న ఇటలీలోని మిలాన్ లినాటే విమానాశ్రయం చూపించింది. పొగమంచులో ఒక చిన్న సెస్నా విమానం వేరే ట్యాక్సీవేలోకి తిరిగి, టేకాఫ్ తీసుకుంటున్న ఎస్ఏఎస్ సంస్థ విమానానికి అడ్డంగా రన్‌వే మీదికి వచ్చేసింది. నేల మీది కదలికలను చూపించే రాడార్ అప్పటికి పనిచేయడం లేదు. 118 మంది ప్రాణాలు పోయాయి.

★ నేల మీద విమానాన్ని తిప్పడానికి కెప్టెన్ పక్కన చిన్న చేతిచక్రం ఉంటుంది. అది ముందు చక్రాన్ని తిప్పుతుంది. వేగం తిన్నటి దారిలో సాధారణంగా 30 నాట్లు, అంటే గంటకు సుమారు 55 కిలోమీటర్లకు మించనివ్వరు. మలుపుల్లో 10 నాట్ల దాకా తగ్గిస్తారు.

★ పెద్ద విమానాల్లో పైలట్ తన సీట్లోంచి రెక్కల కొసలు చూడలేడు. ఏ380 రెక్కల వెడల్పు దాదాపు 80 మీటర్లు. 2011 ఏప్రిల్ 11న న్యూయార్క్ కెన్నెడీ విమానాశ్రయంలో ఎయిర్ ఫ్రాన్స్ ఏ380 రెక్క కొస తగిలి, ఆగి ఉన్న చిన్న జెట్ విమానం గిర్రున తిరిగిపోయింది. అదృష్టవశాత్తూ ఎవరికీ గాయాలు కాలేదు. ఇప్పుడున్న గేట్లలో ఇమడడానికే బోయింగ్ 777-9కు ముడుచుకునే రెక్క కొసలు పెట్టారు. గాలిలో దాదాపు 72 మీటర్లుండే వెడల్పు నేల మీద 65 మీటర్లకు తగ్గుతుంది.

★ విమానం పొట్ట కింద, వీపు మీద ఎర్రదీపం మెరుస్తోందంటే ఇంజిన్లు తిరుగుతున్నాయనో, తిరగబోతున్నాయనో అర్థం. దగ్గరికి రావద్దని గ్రౌండ్ సిబ్బందికి అది హెచ్చరిక. జెట్ ఇంజిన్ ముందు నుంచి మనిషిని లాగేసుకోగలదు. 2015 డిసెంబరులో ముంబయి విమానాశ్రయంలో ఒక సాంకేతిక ఉద్యోగి అలాగే ప్రాణాలు కోల్పోయారు. మన ప్రయాణం సాఫీగా సాగడం వెనుక ఇలాంటి ముప్పు మధ్య పనిచేసేవాళ్లున్నారు.

★ అమెరికాలో 1981లో వచ్చిన నిబంధన ప్రకారం ట్యాక్సీయింగ్‌లోనూ, పదివేల అడుగుల లోపు ఎగురుతున్నప్పుడూ పైలట్లు పనికి సంబంధం లేని కబుర్లు చెప్పుకోకూడదు.

★ సింగపూర్ చాంగీ వంటి చోట్ల ఒక్కో విమానానికి దాని దారిలోని ఆకుపచ్చ దీపాలు మాత్రమే ముందుముందుగా వెలుగుతాయి. పైలట్ వాటి వెంటే వెళ్తే చాలు.

★ 2019 అక్టోబరులో ఢిల్లీలో ఎయిర్ ఇండియా ఏ320 విమానాన్ని ప్రయాణికులతో సహా ట్యాక్సీబాట్ అనే వాహనం రన్‌వే దాకా లాక్కెళ్లింది. పైలటే కాక్‌పిట్‌లోంచి దాన్ని నడిపిస్తాడు. అప్పటిదాకా ఇంజిన్లు వేయనక్కర్లేదు కాబట్టి ఇంధనం ఆదా, చప్పుడూ తక్కువ. రోడ్ల మీదుగా సాగే దేశపు తొలి ఎత్తైన ట్యాక్సీవే కూడా 2023లో ఢిల్లీలోనే మొదలైంది.

★ 2024 జనవరి 2న టోక్యో హనేడాలో దిగుతున్న జపాన్ ఎయిర్‌లైన్స్ ఏ350, రన్‌వే మీదికి వచ్చి నిలిచిన కోస్ట్‌గార్డ్ విమానాన్ని ఢీకొంది. కోస్ట్‌గార్డ్ విమానంలోని ఆరుగురిలో ఐదుగురు మరణించారు. ఏ350 మంటల్లో పూర్తిగా కాలిపోయినా అందులోని 379 మందీ బయటపడ్డారు. సిబ్బంది చెప్పిన మాట విని, క్రమశిక్షణతో కదలడమే వాళ్లను కాపాడింది.

ఈ ఏర్పాట్లన్నిటిలో ప్రయాణికుడి వంతు చాలా చిన్నది. చక్రాలు నేలను తాకగానే బెల్టు విప్పి, పై అరలోని సంచి కోసం లేవకండి. అడ్డంగా ఏదైనా వస్తే పైలట్ ఒక్కసారిగా బ్రేకు వేయాల్సి రావచ్చు. విమానం గేటు దగ్గర పూర్తిగా ఆగి, సీటు బెల్టు గుర్తు ఆరిపోయేదాకా కూర్చునే ఉండండి. పక్కనున్న పిల్లల్నీ, పెద్దవాళ్లనీ కూర్చోబెట్టండి.