మూడు రంగుల జెండా: అర్థమూ, మర్యాదా

మన జెండాలోని మూడు రంగులకూ అర్థమేమిటని ఎవరినైనా అడిగి చూడండి. నేను చాలామందిని అడిగాను. వచ్చే జవాబులు రెండు రకాలు. కాషాయం హిందువులకూ, ఆకుపచ్చ ముస్లిములకూ, తెలుపు తక్కిన మతాలవారికీ గుర్తు అనేవారు కొందరు. త్యాగం, సత్యం, పాడిపంటలు అనేవారు మరికొందరు.

మొదటి జవాబు ఉత్త కల్పన కాదు. ఒకప్పుడు అదే అర్థం ఉండేది. కాని మన పెద్దలు బాగా ఆలోచించి, 1931లోనే దాన్ని పక్కన పెట్టారు. పెట్టిన సంగతి మాత్రం మనం మరచిపోయాం. ఇది చిన్న విషయమని తోసిపుచ్చడానికి వీల్లేదు. ఇంట్లో పెద్దలు చెప్పిన మాటే పిల్లల మనసులో నాటుకుంటుంది. ఈ పట్టీ మాది, ఆ పట్టీ వాళ్ళది అని పంచుకోవడం నేర్చిన పిల్లవాడికి జెండా కూడా అన్నదమ్ముల వాటాల కాగితంలాగే కనిపిస్తుంది.

బెజవాడలో మూడు గంటలు

ఈ కథలో పెద్ద ఘట్టం జరిగింది మన బెజవాడలోనే. 1921 మార్చి నెలాఖరున అక్కడ అఖిల భారత కాంగ్రెసు సంఘం సమావేశమైంది. గాంధీజీ వచ్చారు. అప్పటికే జెండా మీద ఏళ్ళ తరబడి తపస్సు చేస్తున్న మనిషి ఒకరున్నారు. ఆయనే పింగళి వెంకయ్యగారు.

కృష్ణా జిల్లా భట్లపెనుమర్రులో పుట్టిన వెంకయ్యగారు చిన్న వయసులోనే సైన్యంలో చేరి దక్షిణాఫ్రికా వెళ్ళారు. తర్వాత బందరు జాతీయ కళాశాలలో చదువు చెప్పారు. పత్తి మీద పరిశోధన చేస్తే 'పత్తి వెంకయ్య' అన్నారు. జపాను భాష నేర్చుకుంటే 'జపాన్ వెంకయ్య' అన్నారు. చివరికి 'జెండా వెంకయ్య' అన్న పేరే నిలిచింది. భారతదేశానికి ఒక జెండా ఉండాలంటూ 1916లోనే ఆయన ఒక పుస్తకం ప్రచురించారు. అందులో సుమారు ముప్పై నమూనాలున్నాయి.

జెండా మీద రాట్నం ఉంటే బాగుంటుందని జలంధరుకు చెందిన లాలా హంసరాజ్ సూచించారు. గాంధీజీకి ఆ ఊహ నచ్చింది. ఎరుపు, ఆకుపచ్చ రంగుల మీద రాట్నం వేసి ఒక నమూనా ఇమ్మని బెజవాడలో వెంకయ్యగారిని కోరారు. ఆయన మూడు గంటల్లో తెచ్చి చేతిలో పెట్టారు. అయినా సమావేశం ముందుంచడానికి కొంచెం ఆలస్యమైపోయిందట! ఆలస్యం కావడమే మంచిదైందని గాంధీజీ ఏప్రిల్ 13న 'యంగ్ ఇండియా' పత్రికలో వ్రాశారు. ఎందుకంటే, నిదానంగా ఆలోచించినప్పుడు రెండు రంగులు చాలవని ఆయనకు తోచింది. మిగిలిన మతాలవారి మాటేమిటి? అందుకని తెలుపు చేర్చారు. ఆ తెలుపును అందరికన్నా పైన ఉంచారు. దాని కింద ఆకుపచ్చ, అడుగున ఎరుపు. తక్కువమంది ఉన్నవారికి పైచోటు. ఎక్కువమంది ఉన్నవారు అడుగున నిలబడి మోయాలి. ఇంటి పెద్దకొడుకుకు మనం చెప్పే నీతి కూడా ఇదే కదా!

మతాల లెక్క మానిన రోజు

కాని ఆ లెక్కతో చిక్కు వచ్చింది. మా రంగు ఏదని సిక్కులు అడిగారు. అడగడంలో న్యాయం లేకపోలేదు. అలా ఒక్కొక్కరికి ఒక్కొక్క రంగు పంచుతూపోతే జెండా ఇంద్రధనుస్సు అవుతుంది.

1931లో కాంగ్రెసు ఏడుగురితో ఒక సంఘం వేసింది. దాన్ని నడిపే బాధ్యత డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్యగారిది. ఆ సంఘం అసలు మూడు రంగులే వద్దు, ఒకే కాషాయం మీద రాట్నం చాలునంది. ఆగస్టులో బొంబాయిలో కూడిన అఖిల భారత కాంగ్రెసు సంఘం అందుకు ఒప్పుకోలేదు. మూడు రంగులూ ఉండాలి. అయితే ఎరుపు బదులు కాషాయం పైన, తెలుపు మధ్య, ఆకుపచ్చ కింద, తెలుపు మీద నీలిరంగు రాట్నం అని నిర్ణయించింది. అంతకన్నా ముఖ్యంగా, ఈ రంగులకూ మతాలకూ సంబంధం లేదని స్పష్టంగా చెప్పింది. ధైర్యత్యాగాలకు కాషాయం, సత్యశాంతులకు తెలుపు, విశ్వాసానికీ వీరధర్మానికీ ఆకుపచ్చ గుర్తులన్నది.

రాట్నం చక్రమైన వైనం

1947 జూలై 22న రాజ్యాంగ సభలో నెహ్రూ జెండా తీర్మానం ప్రవేశపెట్టారు. రాట్నం పోయి, సారనాథ్ అశోకస్తంభం మీది చక్రం వచ్చింది. కారణాల్లో ఒకటి వింటే మన గృహిణులు చిరునవ్వు నవ్వుతారు. రాట్నానికి ఒక వైపు చక్రం, ఇంకొక వైపు కదురు ఉంటాయి. జెండాను వెనకనుంచి చూస్తే అవి తారుమారవుతాయి! రెండువైపులా ఒకేలా కనిపించాలంటే చక్రం ఒక్కటే ఉండాలి. ఇరవైనాలుగు ఆకులతో ముదురునీలం చక్రం అలా కుదిరింది. రాట్నం పోయినందుకు గాంధీజీ బాధపడ్డారు కూడా.

అదే సభలో సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు అర్థం విడమరిచి చెప్పారు. కాషాయం వైరాగ్యం: నాయకులు స్వలాభం చూసుకోరాదు. తెలుపు వెలుగు: నడవవలసిన సత్యమార్గం. ఆకుపచ్చ మనకు నేలతో, చెట్టుచేమలతో ఉన్న బంధం. చక్రం ధర్మం, పైగా అది కదలికకు గుర్తు, కదలక నిలిచిపోయినది చచ్చినట్టే. పిల్లలకు చెప్పవలసింది ఈ అర్థం.

ఆగస్టు 14 అర్ధరాత్రి సభకు ఈ జెండాను భారత స్త్రీల తరపున బహూకరించినవారు శ్రీమతి హంసా మెహతా. జెండా వెంకయ్యగారు మాత్రం 1963లో పేదరికంలోనే కన్నుమూశారు. ఆయన బొమ్మతో తపాలాబిళ్ళ వచ్చింది 2009లో.

ఇంటిమీద ఎగరేసేవారికి

చాలా ఏళ్ళపాటు సామాన్యులు ఏడాదిలో కొన్ని ప్రత్యేక దినాల్లో తప్ప జెండా ఎగరేయడానికి వీలుండేది కాదు. 2002 జనవరి 26 నుంచి కొత్త నియమావళి వచ్చి, మర్యాద తప్పకుండా ఏ రోజునైనా ఎగరేయవచ్చునన్నది. అది పౌరుల హక్కేనని 2004లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2021 డిసెంబరులో చేసిన సవరణతో ఖద్దరు, నూలు, పట్టు, ఉన్నితోపాటు పాలియెస్టరు జెండాలకూ, మిల్లులో నేసిన వాటికీ అనుమతి దొరికింది. 2022 జూలై నుంచి ఇంటిమీద రాత్రి కూడా ఉంచవచ్చు.

హక్కు వచ్చింది, మర్యాద మనం తెచ్చుకోవాలి. పొడవు మూడు పాళ్ళయితే వెడల్పు రెండు పాళ్ళు. కాషాయం ఎప్పుడూ పైనే. గోడకు నిలువుగా వేలాడదీస్తే చూసేవారికి ఎడమవైపున కాషాయం రావాలి. చిరిగినదీ, మాసినదీ ఎగరేయరాదు. నేలకు తగలరాదు, నీళ్ళలో ఈడవరాదు. దాని మీద పేర్లూ, నినాదాలూ వ్రాయరాదు. మరే జెండానూ దానికన్నా ఎత్తున గాని, సమానంగా పక్కన గాని కట్టరాదు. దిండు గలేబులకూ, చేతిరుమాళ్ళకూ ఆ బొమ్మ కుట్టరాదు. ఎగరేసేముందు లోపల పూలరేకులు ఉంచవచ్చు. ఎక్కించేటప్పుడు చకచకా ఎక్కించాలి, దించేటప్పుడు నెమ్మదిగా దించాలి. కావాలని అవమానిస్తే 1971 నాటి చట్టం ప్రకారం మూడేళ్ళ వరకూ జైలుశిక్ష ఉంది.

అసలు పరీక్ష ఆగస్టు పదహారున వస్తుంది. ముందురోజు పిల్లల చేతుల్లో రెపరెపలాడిన కాగితపు జెండాలు మరునాడు మురుగుకాలవల పక్కన కనిపిస్తుంటాయి. కొన్నవారే వాటిని ఏరి ఇంటికి తెచ్చుకోవాలి. పాడైపోయిన జెండాను చెత్తబుట్టలో వేయరాదు. పదిమంది కంటా పడకుండా, ముక్కలు చేయకుండా, గౌరవంగా దహనం చేయమంటుంది నియమావళి.

బాగున్న జెండానైతే మడిచి దాచుకోవచ్చు. అడ్డంగా పరచి, కాషాయాన్నీ ఆకుపచ్చనూ తెలుపు పట్టీ కిందికి మడవాలి. తర్వాత రెండు పక్కలనుంచీ తెలుపును లోపలికి మడిస్తే, పైన చక్రమూ, అంచుల్లో కొద్దిగా కాషాయమూ ఆకుపచ్చా కనిపిస్తాయి. దాన్ని రెండు అరచేతుల మీద పెట్టుకుని బీరువా దాకా తీసుకువెళ్ళాలి. ఆ పని ఇంట్లో అందరికన్నా చిన్నవాళ్ళకు అప్పగించండి. మోసుకువెళ్ళేటప్పుడు ఏ రంగు ఎవరిదని వాళ్ళు అడిగితే, అన్నీ మనవేనని చెప్పండి.