ఆటగాని వెల



బోధను బస్సు స్టాండునకు సమీపమున నొక టీ హోటలు గలదు. ఆ పట్టణమునకు పోయినపుడెల్ల అచట కొంతసేపు కూర్చుండుట నాకు వాడుక. 2025 నవంబరు నెలలో ఒకనాటి సాయంకాలము ప్రక్కబల్ల చుట్టును చేరిన యువకులు మిక్కిలి తీవ్రముగా వాదించుకొనుచుండిరి. భూమి తగవేమో యని చెవి యొగ్గితిని. కాదు, క్రికెట్టు. వెంకటేశ్ అయ్యర్ అను ఆటగానిని కలకత్తా జట్టువారు 2024 నవంబరు హర్రాజులో 23 కోట్ల 75 లక్షల రూపాయలకు కొని, ఒక్క సీజను ఆడించి, విడిచిపెట్టిరట. ఆ సీజనులో అతడు చేసిన పరుగులు 142. "పైసలన్ని మట్టిల పోసిన్రు" అని యొకడు. "ఆని నసీబు మంచిగ లేదు, గంతే" అని మఱియొకడు. "కొన్నోళ్లదే తప్పు" అని మూడవవాడు. ముగ్గురిలో ఎవ్వరును తగ్గలేదు. టీ మాత్రము చల్లారిపోయెను.

ఆ బల్ల చివర ఒక నడివయస్కుడు మాటాడక కూర్చుండి యుండెను. ఒకప్పుడు నాయొద్ద చదివినవాడు. ఇప్పుడు కొంత చెఱకు, కొంత వరి పండించుకొనుచున్నాడు. నేను లేచి బయటికి రాగా వెంట వచ్చి, "సారూ, మా పిల్లగాడు మంచిగ ఆడుతుండు. అరెకరం అమ్మి పట్నంల అకాడమీల చేర్పిద్దామంటే మీరేమంటరు?" అని యడిగెను. వీధిలో నిలిచి చెప్పదగిన సమాధానము కాదు. ఆ ప్రశ్నను గూర్చి పిమ్మట నేను ఆలోచించుకొన్న దానినే నేడు మీకు విన్నవించుచున్నాను.

మొదట హర్రాజు సంగతి. వేలమును మన జిల్లావారు హర్రాజందురు. నిజామాబాదు మార్కెట్టు యార్డులో పసుపు హర్రాజు చూడనివారు మనలో అరుదు. పసుపు కొమ్మును చేతబట్టి, విఱిచి, రంగును వాసనను పరీక్షించి వ్యాపారి ధర చెప్పును. సరకు కంటియెదుటనే యున్నది. మామిడితోట హర్రాజు వేఱు. పూతమీదనో పిందెమీదనో తోటను పాడుకొనువాడు కాయను కొనుట లేదు, తన అంచనాను కొనుచున్నాడు. ఒక్క గాలివాన వచ్చినచో ఆ అంచనా నేలరాలును. ఆటగాండ్ర హర్రాజు ఈ రెండవ జాతిది. నిన్నటి పరుగులను చూచి రేపటి పరుగులకు సొమ్ము చెల్లించుట యన్నమాట.

ఇందొక చిక్కు గలదు. పదిమంది వ్యాపారులు ఒకే తోటకు వెల కట్టిరనుకొందము. కొందఱు తక్కువగను, కొందఱు ఎక్కువగను అంచనా వేయుదురు. తోట ఎవ్వరికి దక్కును? అందఱికంటె ఎక్కువ ఆశపడినవానికి. అనగా ఎవని అంచనా నిజమును దాటి మిక్కిలి పైకి పోయినదో తఱచుగా వానికే దక్కును. పాట గెలిచినవాడే నష్టపోవుట అందుచేతనే లోకమున ఇంత సాధారణము. మఱియు పాట ఎచ్చట ఆగునో నిర్ణయించువాడు గెలిచినవాడు కాడు. వానితో పోటీపడి చివరకు విరమించుకొన్న రెండవవాడు. ఆ రెండవవాని సంచిలో మఱి నాలుగు కోట్లు మిగిలియుండిన, అదే ఆటగాడు, అదే ఆట, వెల మాత్రము వేఱై యుండెడిది.

2024 నవంబరు 24, 25 తేదీలలో జెడ్డా నగరమున జరిగిన హర్రాజునే చూడుడు. పది జట్లు, ఒక్కొక్క జట్టు మొత్తము వ్యయమునకు 120 కోట్ల హద్దు, జట్టునకు 25 మందికి మించరాదు. పేరు నమోదు చేసికొన్నవారు 1,574 మంది. పాటకు నిలిపిన పేర్లు 577. అమ్ముడుపోయినవారు 182 మంది. అందు రిషభ్ పంతునకు 27 కోట్లు పలికినది. అప్పటివఱకు ఆ పోటీలలో ఎవ్వరికిని పలుకని వెల అది. మఱుసటి సీజనులో అతని పరుగులు 269. అందు 118 చిట్టచివరి పందెములోనివి. అదే హర్రాజులో పదుమూడేండ్ల ప్రాయమున 1 కోటి 10 లక్షలకు పోయిన వైభవ్ సూర్యవంశి యను బాలుడు 2025 ఏప్రిల్ 28న 35 బంతులలో నూఱు పరుగులు పూర్తిచేసెను. వెలల వరుస వేఱు, పరుగుల వరుస వేఱు. టీ హోటలు యువకులు ఈ రెండు వరుసలను ఒకటిగా భావించుటచేతనే వారి తగవు తెగలేదు.

ఇక నసీబు. నేను లెక్కల మాస్టరును కాను, తెలుగు పండితుడను. ఐనను ఒకనాడు లెక్కల ఉపాధ్యాయుడు రానందున ఆ తరగతి నాపాలబడినది. ముప్పది మంది పిల్లలు. ఒక్కొక్కనిచే రూపాయి బిళ్లను పదిమారులు ఎగురవేయించితిని. ఐదుగురికి ఏడుగాని అంతకుమించిగాని బొమ్మలు పడినవి. తక్కినవారు వారిని వీరులవలె చూచిరి! మరల ఎగురవేయుడంటిని. రెండవమారు ఆ ఐదుగురిలో ఒక్కడే నిలిచెను, క్రొత్తవీరులు పుట్టిరి. పిమ్మట లెక్క సరిచూచుకొంటిని. పదిమారులు ఎగురవేసినచో కలుగగల ఫలితములు 1,024; అందు ఏడు లేక అంతకు మించి బొమ్మలు పడునవి 176. ఆఱుగురిలో ఒకనికి సుమారుగా ఆ భాగ్యము పట్టును. అదే నూఱుమారులు ఎగురవేసినచో డెబ్బదిగాని అంతకుమించిగాని బొమ్మలు లక్షమందిలో నలుగురికి మాత్రమే పడును. బిళ్ల మాఱలేదు, లెక్కింపు పెరిగినకొలది నసీబునకు తావు తగ్గినది.

లీగు దశలో జట్టొక్కటికి వచ్చు పందెములు 14. ఇది పదిమారుల బిళ్లకు సమీపమే కాని నూఱుమారులకు కాదు. వెంకటేశ్ అయ్యర్ 2024లో కలకత్తా కప్పు గెలిచినపుడు 370 పరుగులు చేసెను; మఱుసటి యేడు 142. మొదటి సంఖ్యను చూచి వెల కట్టినవారును, రెండవ సంఖ్యను చూచి తిట్టినవారును ఒకే తప్పు చేసిరి. ఆటగాడు బిళ్లవంటివాడు కాడు సుమా. అభ్యాసము గలవాడు, నేర్చువాడు, అలయువాడు. ఉపమానమును అంతవఱకే తీసికొనవలెను.

మన హైదరాబాదువాడు మహమ్మద్ సిరాజు. తండ్రి ఆటో నడిపి పెంచిన బిడ్డ. 2017 హర్రాజులో 20 లక్షల మూలధరనుండి పాట లేచి 2 కోట్ల 60 లక్షల కాడ ఆగినది. 2025 ఆగస్టు 3న లండనులోని ఓవల్ మైదానమున హ్యారీ బ్రూక్ 19 పరుగుల మీదనుండగా కొట్టిన బంతిని సిరాజు పట్టెను. పట్టి, వెనుకకు అడుగువేసి, ఎల్లతాటిని త్రొక్కెను. బ్రూక్ 111 వఱకు పోయెను. ఆ రాత్రి మన పల్లెలలో సిరాజును తిట్టని నోరు లేదు. మఱునాటి ఉదయము ఆ సిరాజే చివరి వికెట్టును గూల్చగా భారతజట్టు 6 పరుగులతో గెలిచెను. కాలిమడమ ఒక జానెడు ఈవలనున్నయెడల ఆ రాత్రి తిట్లు లేవు, ఆ యుదయపు కీర్తియు ఇంతగా లేదు. ఐతే ఆ వరుస ఐదు టెస్టులును ఆడి 23 వికెట్లు తీయుట మడమవలన కలిగినది కాదు.

భారతమున అనుశాసన పర్వములో ధర్మరాజు భీష్ముని ఈ ప్రశ్ననే యడుగును: దైవము గొప్పదా, పురుషకారము గొప్పదా? అందు చెప్పబడిన సమాధానము నాకు ఎల్లప్పుడును ఆశ్చర్యము గొల్పును. పురుషకారము పొలమట, దైవము విత్తనమట. మనము సాధారణముగా దీనిని తలక్రిందుగా ఊహింతుము. దున్ని, ఎరువు వేసి, నీరు పెట్టిన నేల మనది. దానిలో ఏ విత్తు పడునో మన చేతిలో పూర్తిగా లేదు. మన ప్రాంతపు రైతునకు ఇది వేఱుగా బోధింపనక్కఱలేదు.

ఇక వర్ధిష్ణువులైన బాలుర మాట. 2008లో పందొమ్మిదేండ్లలోపువారిని జట్లు పంచుకొనునపుడు ఢిల్లీవారు తమయూరి విరాట్ కోహ్లీని కాదని ప్రదీప్ సాంగ్వాన్ అను బౌలరును ఎంచుకొనిరి. వారికి అప్పటికే బ్యాటర్లు చాలినంతమంది కలరు. నేడు నవ్వుట సులభము. గుంటూరున పుట్టి హైదరాబాదు పక్షమున ఆడిన అంబటి రాయుడు 2002లో, పదునేడేండ్ల ప్రాయమున, ఆంధ్ర జట్టుపై ఒకే పందెమున 210, 159 పరుగులు చేసెను. 2004లో పందొమ్మిదేండ్లలోపువారి ప్రపంచకప్పున భారతజట్టునకు నాయకుడు. అప్పుడు అతని భవిష్యత్తును గూర్చి సందేహించినవాడు మూఢుడనిపించుకొనెడివాడు. 2007లో అతడు ఇండియన్ క్రికెట్ లీగు అను క్రొత్త సంస్థతో ఒడంబడిక చేసికొనెను. క్రికెట్టు బోర్డు ఆ సంస్థను గుర్తింపలేదు. అందు చేరినవారికి వాకిళ్లు మూసెను. 2009లో క్షమాపణతో వాకిలి మరల తెఱవబడెను. ఆ క్రొత్త సంస్థ ఆ యేటితో ముగిసెను. భారతజట్టులో రాయుడు అడుగిడుట 2013లో. 2019 ప్రపంచకప్పు జట్టులో చోటు తప్పినది. 2023లో విరమించునాటికి ఆఱు ఐ.పి.ఎల్. కప్పులు అతని ఖాతాలో నున్నవి. ఇతనిని అదృష్టవంతుడందుమా, దురదృష్టవంతుడందుమా? నాకు తోచదు.

కాని ఒడంబడికకు రెండు చేతులుండునని ఈ కథ తెలుపును. ఈ సంగతి బోధనువారికి తెలిసినంతగా మఱి యెవ్వరికి తెలియును? 1937లో నెలకొనిన నిజాం చక్కెర కర్మాగారము ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరుగాంచినది. నిజాంసాగరు నీరు, శక్కర్‌నగరు గానుగ, ఊరూరి చెఱకు, ఈ మూడును ఒకే త్రాట గట్టబడి యుండెను. 2015 డిసెంబరులో గానుగ ఆగెను. చెఱకు గాదెలో దాచుకొనదగిన పంట కాదు. నఱికినది మొదలు దినదినమును బరువును తీపియు తగ్గును. కొనువాడు లేనినాడు కాగితముమీది వ్రాలు రసము నీయదు. ఆటగాని వయస్సును అట్టిదే.

హర్రాజు వెలను గూర్చియు మనవారికొక భ్రమ. 27 కోట్లనగానే జన్మకు సరిపడు ధనమనుకొందురు. అది ఒక్క సీజను వేతనము. సీజను ముగియగానే జట్టు విడిచిపెట్టవచ్చును, మరల హర్రాజు, మరల ఎవరి యాశ యెంతయో. వెంకటేశ్ అయ్యర్ 2025 డిసెంబరు హర్రాజున 7 కోట్లకు బెంగుళూరు జట్టునకు పోయెను. మన పల్లెల ఆటయైన కబడ్డీలోను ఇంతే. 2022లో పవన్ సెహ్రావత్తును తమిళ జట్టువారు 2 కోట్ల 26 లక్షలకు కొనిరి. మొదటి పందెమునందే మోకాలు దెబ్బతిని అతడు ఆ సీజనంతయు కూర్చుండెను. మఱుసటి యేడు మన తెలుగు టైటాన్స్ అంతకంటె ఎక్కువ వెలకు కొనిరి; అతడు ఆడెను, జట్టు మాత్రము అట్టడుగున నిలిచెను.

నిజామాబాదు పేరు లోకమున వినిపించినది హర్రాజు లేని ఆటలో. నిఖత్ జరీన్ 2022 మే 19న ఇస్తాంబులులో ప్రపంచ బాక్సింగు విజేత యైనది. 2023లో మరల గెలిచినది. 2024 పారిస్ ఒలింపిక్సునకు పోవువేళ ఆమెకు సీడింగు లేదు; రెండవ పందెముననే చైనాకు చెందిన మొదటి సీడు వూ యూ ఎదురుపడి ఓడించెను. చీట్లు వేఱుగా పడియుండిన ఏమగునో ఎవరు చెప్పగలరు? మన ఊరివాడే హుసాముద్దీన్ 2023లో తాష్కెంటున సెమీఫైనలు వఱకు గెలిచి, మోకాలి దెబ్బచే బరిలో దిగలేక కాంస్యముతో మరలివచ్చెను. ఆ ముష్టి ఎంత బలమైనదో ఆ మోకాలు చెప్పలేదు.

నా పూర్వశిష్యునకు ఏమి చెప్పితినని అడుగుదురేమో. పొలము అమ్మవలదని గాని అమ్ముమని గాని చెప్పలేదు. ఒక నోటుపుస్తకము కొనియిచ్చి, కుఱ్ఱవాడు ఆడిన ప్రతి పందెమును వ్రాయింపుమంటిని: ఎన్ని బంతులు, ఎన్ని పరుగులు, ఎట్లు ఔటాయెను, ఎన్ని క్యాచులు ఎదుటివారు జాఱవిడిచిరి, ఎదుటి బౌలరు ఎట్టివాడు. చెడ్డ దినమును దాచరాదు, మంచి దినమును పెంచరాదు. బాలుడు ఆదివారములలో ఆ పుస్తకముతో మా యింటికి వచ్చుచున్నాడు. మొదట తన పరుగులనే పెద్ద అక్షరములతో వ్రాసెడివాడు. గత మాసమున ఒకచోట 61 పరుగుల క్రింద ఎఱ్ఱసిరాతో, "4 మీద ఉన్నప్పుడు స్లిప్‌లో వదిలిండ్రు" అని తానే వ్రాసికొన్నాడు.

అరయెకరములో కార్శి చెఱకు పెరుగుచున్నది. కోత కాలమునకు పుస్తకము నిండును. అప్పుడు తండ్రియు కొడుకును నేనును కూర్చుండి దానిని మొదటి పుటనుండి చదువుకొనుటకు నిశ్చయించుకొంటిమి.